మగ్గం గుంట ఉన్న ఇంటికి బేరం

ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లు హాల్లో ఉన్నంతసేపు బాగానే మాట్లాడేవారు. గాలి వస్తోందనేవారు, బోరులో నీళ్లున్నాయా అని అడిగేవారు, గోడలు తట్టి చూసేవారు. ఉత్తరం వైపు గది తలుపు తీయగానే మాట ఆగిపోయేది. ఆ గది నేలలో మొలలోతు గుంట ఉంది. అడుగున కంకర, దాని మీద ఇసుక, ఆపైన పలుచటి కాంక్రీటు. నాలుగు వైపులా నున్నగా సిమెంటు. ముందు అంచున కూర్చోవడానికి ఒక నల్లబండ. కొలతలన్నీ నేనే గీశాను.

"గిదేంది సారూ, నడింట్ల గోరి తవ్వినట్టు?" అన్నాడు మొదట వచ్చిన బియ్యం వ్యాపారి.

"మగ్గం గుంట అన్నా. అండ్ల కాళ్లు పెట్టుకోని నేస్తరు."

"గద్వాలల పుట్టినోణ్ణి, నాకు మగ్గం తెల్వదా? మగ్గం నేతవాడల ఉంటది. గీ కాలనీల ఎవరు నేస్తరు?"

అప్పటికి ఆ గుంటలో ఎవరూ కాళ్లు పెట్టక ఏడాది దాటింది.

ఇల్లు గద్వాల ఊరి చివర, చేలు ప్లాట్లుగా మారిన చోట ఉంది. స్థలం మా అక్కది. గద్వాల జిల్లా కేంద్రమైన కొత్తలో ఆఫీసులన్నీ ఆ వైపే వస్తాయని ఊరంతా అనుకుంది. ఆ మాట నమ్మి అక్క నేతలో కూడబెట్టిన డబ్బుతో ఆ స్థలం కొన్నది. ఆఫీసులు వేరే దిక్కున వెలిశాయి. మా వైపు రోడ్లు పడ్డాయి, స్తంభాలు లేచాయి, ఇళ్లు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. మధ్యలో అంతా సర్కారు తుమ్మ.

అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్దది. అమ్మానాన్నలు పోయాక మేమిద్దరమే మిగిలాం. పెళ్లయిన రెండేళ్లకే అక్క అత్తగారింటి నుంచి తిరిగొచ్చి మగ్గం మీద కూర్చుంది. నేను వనపర్తిలో పాలిటెక్నిక్, తర్వాత సివిల్ ఇంజనీరింగ్ చదివి, కాలువ పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజనీరుగా చేరాను. నేతవాడలో మేం అద్దెకున్న ఇంట్లో వానాకాలం గుంటలో నీళ్లు ఊరేవి. అక్క గోనెసంచులు పరిచి వాటి మీద కాళ్లు పెట్టి నేసేది. సాయంత్రానికి మోకాళ్లు వాచేవి. దవాఖానలో గోళీలు రాసిచ్చి, తడిలో కాళ్లు పెట్టవద్దన్నారు. తడి లేని గుంట కావాలంటే సొంత ఇల్లు కావాలి. మా ఇంటి ప్లాను మోకాళ్ల దగ్గర మొదలైంది.

ఒక ఆదివారం అక్కను ఎత్తు పీట మీద కూర్చోబెట్టి, మోకాలి నుంచి మడమ దాకా, నడుము నుంచి మోకాలి దాకా టేపుతో కొలిచాను.

"బొందకు కొలిచినట్టు కొలుస్తున్నవేందిరా," అంది.

"కదలకక్కా. జరంత తేడా వస్తె పదేండ్లు నడుం నొస్తది."

"ఇంకా పదేండ్లు నేస్తనా నేను?"

"ఇరవై నేస్తవ్."

"శాపం పెడుతున్నవో, దీవిస్తున్నవో," అని నవ్వింది.

ఏ పని మొదలుపెట్టినా ముందు కావలసినవన్నీ వరుసగా అనుకోవడం నాకు అలవాటు. నేసేవాళ్ల చేతుల మీద నీడ పడకుండా ఉత్తరపు వెలుతురు. అంచులో డిజైను తేల్చే జాకార్డు పెట్టె బరువు మోసేలా పైకప్పులో ఇనుప కొక్కేలు. నూలు తేమ పట్టకుండా గోడకు ఎత్తులో గూళ్లు. గుంట పక్కనే స్విచ్చి, లేవకుండా అందేలా. అనుకున్నవన్నీ అమరాయి. గృహప్రవేశం నాడు నేతవాడ నుంచి వచ్చినవాళ్లు దేవుడి గది కంటే ఎక్కువసేపు గుంట దగ్గరే నిలబడ్డారు.

గద్వాల చీర ఒక్కరి పని కాదు. చీర ఒళ్లంతా నూలు, అంచులు పట్టు. నూలు పోగును, పట్టు పోగును ప్రతి వరుసలోనూ మెలివేసి కలపాలి. ఒక అంచు దగ్గర నేసేమనిషి కూర్చుంటే, రెండో అంచు దగ్గర ఇంకొకరు కూర్చుని అడ్డపోగు మోసుకొచ్చే నాడెను అందుకుని తిరిగి పంపాలి. ఆ రెండో మనిషిని మా ఇంట్లో జోడు అంటాం. అక్కకు జోడు వాడలో మా వెనకింటి వదిన. పొయ్యి మీద పప్పు పడేసి వచ్చి కూర్చునేది, కుక్కరు కూత వినగానే లేచి పరుగెత్తేది, మళ్లీ వచ్చి ఆగిన చోట అందుకునేది. ఆమె రాకపోకలు మా పాత ఇంట్లో గడియారం లాంటివి. అలవాటైపోయి, అక్కకు గానీ నాకు గానీ అవి లెక్కలోకి తీసుకోవలసిన విషయంగా తోచలేదు. గుంటను మాత్రం ఇద్దరు పక్కపక్కన పట్టేంత వెడల్పు గీశాను. ఆ రెండో మనిషి ఊరు దాటి ఎలా వస్తుందో ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

కొత్తింటికి వచ్చిన మొదటి నెల వదిన రోజూ వచ్చింది. రెండో నెల ఒకరోజు వచ్చి ఒకరోజు మానేది. మూడో నెలలో గుమ్మం దగ్గరే నిలబడి చెప్పేసింది.

"ఇంజనీరూ, నీ గుంట మంచిగుంది. మా అత్తగారిల్లు గూడ ఇంత మంచిగ లేదు. గని నా పొయ్యి ఆడుంది, పిల్లలు ఆడున్నరు, మీ అక్క ఈడుంది. నేనేమన్న రెండు ముక్కలైతనా?"

"ఆటో కిరాయి నేనిస్త గదా వదినా."

"కిరాయి ఇస్తవ్ సరే. ఈడ కూసోని ఆడ కుక్కరు కూత ఇంటందుకు చెవులు యాడికెల్లి తెచ్చిస్తవ్?"

కొన్నాళ్లు అక్క ఒక్కతే జోడు అవసరం లేని చీరలు నేసింది. వాటికి కూలి తక్కువ. ఇంకో చిక్కు పడుగు దగ్గర వచ్చింది. పడుగు అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు. తెల్లవారగానే వాటిని వీధి పొడుగునా చాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి, ఎండెక్కే లోపు చుట్టేయాలి. వాడలో పడుగు చాస్తే ఎవరూ పిలవకుండానే పళ్లు తోముకుంటూ వచ్చి తలా ఒక చోట పట్టుకుంటారు. మా కాలనీ వీధి వాడ వీధి కంటే వెడల్పు, తిన్నన, శుభ్రం. పట్టుకునే చేతులు లేవు. ఒక చివర అక్క, ఒక చివర నేను నిలబడ్డాం. నడుమ పడుగు కిందికి వేలాడి మట్టి అంటింది. మూడిళ్ల అవతల ఉండే టీచరు గారు భార్యను పిలుచుకొచ్చి, బాగుంది బాగుంది అని ఫొటో తీసుకుని వెళ్లారు.

ఆ సంవత్సరం పూర్తి కాకముందే అక్క వాడకు తిరిగి వెళ్లిపోయింది. వదిన ఇంటి ముందు గది ఖాళీ అయితే అద్దెకు తీసుకుంది. ఆ గది కాస్త మెరక మీద ఉంది, తడి తక్కువ. మగ్గం విప్పి ట్రాలీలో ఎక్కిస్తున్నప్పుడు నేను, "నేను గూడ వస్త," అన్నాను. "మగ్గం పెట్టినంక నేనే గోడకానుకొని పండాలె. నువ్వు యాడ పంటవ్‌రా?" అంది. నిజమే. ఆ గది నేను కొలిచి చూశాను. మగ్గం పోను ఒక మనిషికే చోటు.

అలా రెండు గదులు, హాలు, వంటిల్లు, ఒక గుంట నాకు మిగిలాయి. సైటు నుంచి వచ్చి హాల్లో ఒక్క లైటే వేసుకునేవాణ్ణి. మిగతా గదులకు పని లేదు. ఎదురు ప్లాటు యజమాని ఎక్కడో ఉంటాడు, అతన్ని నేను చూడలేదు. పక్క ప్లాటుకు ప్రహరీ ఉంది, లోపల ఇల్లు లేదు. కొన్ని శనివారాలు సాయంత్రం తాళం తీసి లోపలికి వెళితే, మళ్లీ సోమవారం ఉదయం పాలవాడితో మాట్లాడే దాకా నా గొంతు నేను వినేవాణ్ణి కాదు. ఒకసారి అతను, "సారూ, జలుబు చేసిందా?" అని అడిగాడు. జలుబు కాదు.

తర్వాత మా కాంట్రాక్టరుకు బిల్లులు రాలేదు. ముందు జీతాలు ఆలస్యమయ్యాయి, తర్వాత సగమయ్యాయి, ఆ తర్వాత యంత్రాలు తీసుకెళ్లిపోయారు. ఇంటి అప్పు వాయిదాలు ఆగిపోయాయి. దొరికిన చిన్న పనులు చేస్తూ కట్టగలిగినంత కట్టాను. అది వడ్డీకే చాలలేదు. చివరికి బ్యాంకు నుంచి నోటీసు వచ్చింది. అప్పు వనపర్తి శాఖలో తీసుకున్నాం. స్థలం అక్కది కాబట్టి నోటీసులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ముందు అక్క పేరు.

నోటీసు జేబులో పెట్టుకుని వాడకు వెళ్లాను. అక్క, వదిన పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. గడువు లోపల అప్పు తీరకపోతే రెండో నోటీసు ఇంటి గోడకు అంటిస్తారని, పేపర్లలో కూడా వేస్తారని చెప్పాను.

అక్క మగ్గం ఆపకుండానే, "పేపర్ల ఏస్తరా? ఏమని ఏస్తరు?" అంది.

"అప్పు కట్టలేదని. ఇద్దరి పేర్లు, ఇంటి పత్తా."

మగ్గం ఆగింది.

"మా షావుకారు పొద్దుగాల పేపరు సదవంది చాయ్ గూడ తాగడురా."

షావుకారు అంటే అక్కకు పట్టు, జరీ ఇచ్చి చీరలు నేయించుకునే వ్యాపారి. జరీ ఖరీదైనది. చీర పూర్తయ్యే దాకా అది నేసేవాళ్ల ఇంట్లోనే ఉంటుంది. దానికి రాతకోతలుండవు. ఎవరికివ్వాలో, ఎవరికివ్వకూడదో ఆయనే అనుకుంటాడు.

"ఆ మూలింటాయన సంగతి యాది లేదా," అంది వదిన. "బండి ఫైనాన్సోళ్లు ఇంటి ముంగట నిలవడి లొల్లి జేసిండ్రు. తెల్లారి షావుకారు జరీ బంద్ జేసిండు. ఏమన్నడా? ఏమనలే. జరీ రాలేదు, వచ్చినంక చెప్త అన్నడు. ఇంక రానే లేదు. ఇప్పుడాయన తువ్వాళ్లు నేస్తుండు."

అక్క నాడెను పక్కన పెట్టింది. "అమ్మెయ్ తమ్మీ," అంది. "పేపర్ల పడకముందే అమ్మెయ్. నా జాగ పోతె పోనీ."

నాకు కావలసినవి రెండే. గడువు లోపల కొనేవాళ్లు దొరకాలి. అప్పు పూర్తిగా తీరాలి.

బియ్యం వ్యాపారి గోరి అన్నాక మళ్లీ రాలేదు. తర్వాత ఒక హెడ్మాస్టరు వాస్తు చూసే ఆయన్ను వెంటపెట్టుకుని వచ్చారు. వాస్తు ఆయన దిక్సూచి పట్టుకుని గుంట చుట్టూ తిరిగి, "ఉత్తరాన లోతు మంచిదేనండీ, అందులో నీళ్లుండాలి అంతే," అన్నాడు. సంపు చేసుకోమని సలహా. పడకగదిలో సంపు ఎవరికి కావాలని హెడ్మాస్టరు గారు విసుక్కుని బండెక్కారు. బ్యాంకు పంపిన ఇంజనీరు వచ్చి ధర కట్టేటప్పుడు కూడా ఆ గది దగ్గర ఆగి, "దీన్ని పూడ్చడానికి ఎంతవుతుందో మీరే చెప్పండి, మీరూ సివిలే కదా," అన్నాడు. నేను చెప్పిన ఖర్చును ఆయన ఇంటి విలువలోంచి తీసేశాడు. లెక్క సరైనదే.

ధర పడిపోవడానికి గుంట ఒక్కటే కారణం కాదు. మా వైపు ఇళ్లు కొనేది ఎక్కువగా పత్తి విత్తనాలు పండించే రైతులు. విత్తనాల డబ్బు చేతికొచ్చిన ఏడు గద్వాలలో స్థలాలకు రెక్కలొస్తాయి. ఆ ఏడు చాలామందికి డబ్బు ఇంకా రాలేదు. అమ్మకానికున్న ఇళ్లు ఎక్కువ, అడిగేవాళ్లు తక్కువ.

చివరికి గట్టు మండలం వైపు నుంచి ఒక రైతు కుటుంబం వచ్చింది. నా వయసువాడే, భార్య, తల్లి. పిల్లల్ని గద్వాలలో బడికి వేయాలని ఇల్లు వెతుకుతున్నారు. అందరూ ఆగే చోట ఆగారు. ముసలమ్మ ఒక్కతే ఆగలేదు. చీర కొంగు దోపుకుని, బండ మీద కూర్చుని, గుంటలోకి కాళ్లు వదిలేసింది.

"మస్తు సల్లగుందిరా. నేను ఈడనే పంట," అంది.

"అవ్వా, ఎక్కు పైకి. సారు నవ్వుతుండు."

"నవ్వనీ. మనింట్ల గింత సల్లటి జాగ ఉన్నదా? హౌదా, కాదా?" కర్ణాటక దగ్గరి ఊళ్లవాళ్లకు ఆ 'హౌదు' మాట అలవాటు. నా వైపు తిరిగి, "ఎవరు నేసిండ్రు బిడ్డా ఈడ?" అని అడిగింది.

"మా అక్క, అవ్వా."

"ఏడుంది?"

"నేతవాడల."

"మరి నువ్వొక్కనివే ఉంటవా గింత ఇంట్ల?" అని చుట్టూ చూసింది. ఉంటానన్నాను. నేను చేయి అందిస్తే ఆమె పట్టుకుని పైకి వచ్చింది.

కోడలు మాత్రం తలుపు దగ్గరి నుంచి కదల్లేదు. "పిల్లలు పడ్తరు. పూడ్చిస్తెనే కొందం," అని భర్తతో మెల్లగా అంది. బేరం అక్కడే తెగింది. గుంట పూడ్చి గచ్చు వేసి ఇవ్వాలి. ధర వాళ్లు చెప్పిందే. ఆ ధర, మా బాకీ కంటే నాలుగు లక్షల చిల్లర తక్కువ.

వనపర్తి వెళ్లి మేనేజరుకు అంతా చెప్పాను. ఆయన టీ తెప్పించాడు.

"సెటిల్‌మెంటుకు దరఖాస్తు పెట్టండి. పైవాళ్లు కొంత వదిలేయవచ్చు. కానీ పూర్తిగా కట్టినట్టు రికార్డులో పడదు. సెటిల్ చేసుకున్నారని పడుతుంది. రేపు ఏ బ్యాంకుకు వెళ్లినా చూస్తారు."

"మా అక్కకు కూడానా సార్?"

"ఆవిడ కూడా అప్పులో ఉన్నారు కదా."

అక్క ఏటా మగ్గం మీద బ్యాంకులో ఒక చిన్న అప్పు తీసుకుని, ఏడాది తిరిగేలోగా తీర్చేస్తుంది. నూలు ధర పెరిగిన నెలల్లో ఆ డబ్బే ఆదుకునేది. "సెటిల్‌మెంటు వద్దు సార్, తేడా కూడా కట్టేస్తాను," అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, "ఎక్కడి నుంచి?" అన్నాడు. అప్పటికి నాకూ తెలియదు.

నాగర్‌కర్నూల్‌లో చెరువు కట్టలు, సిమెంటు రోడ్ల పనులు చేసే ఒక కాంట్రాక్టరుకు సైట్ ఇంజనీరు కావాలని విన్నాను. ఎరువుల దుకాణం మీది అంతస్తులో ఆయన ఆఫీసు. కావలసినంత డబ్బు ఒకేసారి ఇస్తానన్నాడు. మూడేళ్లు వేరే చోటికి పోకూడదు, జీతంలో సగం కోత, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆయన బీరువాలో ఉండాలి.

"నమ్మక గాదు తమ్మీ. సదువుకున్న పోరగాళ్లు నెలకే ఉరుకుతున్నరు. పోయినోడు నా లెవలింగ్ మిషన్ గూడ సైట్ల వదిలేసి పోయిండు," అన్నాడు.

"నేను పోను సార్."

"అందరు గట్లనే అంటరు. కూసో, భోంచేసి పో."

ఈ సంగతి అక్కకు చెబితే మొదటిసారి కోపం వచ్చింది.

"మూడేండ్లు వెట్టికి పోతవా? నా జాకార్డు అమ్ముదాం. కమ్మలున్నయి."

"జాకార్డు అమ్మి ఏం నేస్తవ్? తువ్వాళ్లా?"

"నేస్తె నేస్త! తువ్వాలు నేసినోళ్లు మనుషులు గారా?"

"మరి దేనికక్కా అమ్ముడు ఇల్లు? గా జరీ కోసమే గదా!"

నేను గొంతు పెంచాను. వదిన లేచి తలుపు ఓరగా వేసింది. అక్క తెగిన పోగు ఒకటి వెతికి ముడేసింది. తర్వాత, "యాడుంటవ్ ఆడ?" అంది. గది చూసుకుంటానన్నాను. "వంటొస్తదా నీకు?" అంది. ఏడాదిగా చేసుకుంటున్నానంటే, ఆ మాట తనకు ఇప్పుడే తెలిసినట్టు నా ముఖంలోకి చూసింది.

గుంట పూడ్చడానికి ఒక ట్రాలీ మొరం తెప్పించాను. కూలీని పెట్టుకోవచ్చు, పెట్టుకోలేదు. జానెడు మందాన మొరం పరచాలి, నీళ్లు చల్లాలి, దిమ్మిసతో కుదించాలి, గట్టిపడ్డాక మళ్లీ పరచాలి. ఒకేసారి నింపితే వానలకు కుంగుతుంది. రెండో పొర వేస్తుండగా అక్క, వదిన ఆటో దిగి నడుచుకుంటూ వచ్చారు. అక్క చేతిలో అన్నం గిన్నె ఉంది.

వదిన గుంటలోకి తొంగి చూసి, "ఇంజనీరూ, తవ్విందీ నువ్వే, పూడుస్తున్నదీ నువ్వే. సర్కారు పని లెక్కుంది," అంది.

నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ముగ్గురం నవ్వాం.

అక్క నల్లబండ మీద చేయి పెట్టి, దుమ్ము తుడిచింది. బండను తీసి వాడకు పంపిద్దామా అని అడిగాను. "తీస్తె పగులుతది. ఉండనీ," అంది. కొంగు నడుముకు చుట్టి, దిమ్మిస అందుకుంది. ఆమె అలిసినప్పుడు నేను, నేను ఆగినప్పుడు ఆమె. వదిన చెంబుతో నీళ్లు చల్లింది. నేల సమానం అయ్యే దాకా కొట్టాం. అక్క చివరి పొర మీద నిలబడి, మడమతో రెండుసార్లు తొక్కి చూసి, "ఈ మూల ఇంకింత కొట్టు. చిన్నపిల్లలు తిరుగుతరు," అంది.

ఆ మూల మళ్లీ కొట్టాను. మర్నాడు మేస్త్రీ వచ్చి గచ్చు వేశాడు. బండ కూడా గచ్చు కిందికి పోయింది.

బ్యాంకులో చివరి చిక్కు వచ్చింది. అప్పు ఖాతా మూసేదాకా బ్యాంకు ఇంటి కాగితాలు ఇవ్వదు. కాగితాలు చూడకుండా డబ్బు కట్టడానికి కొనేవాడికి భయం. నేను తెచ్చిన డబ్బు ముందే కట్టేసి రసీదు చూపించాను. మేనేజరు కాగితాలన్నీ బల్ల మీద పరిచి, ఇదిగో ఉన్నాయి, ఇవ్వడమే మిగిలిందన్నాడు. అయినా రైతు డీడీ కవరు వదల్లేదు. ముసలమ్మ కొడుకు మోచేతి మీద కొట్టింది.

"ఇయ్యరా. అడిగిన మూల గూడ దిమ్మిస కొట్టిచ్చిండు పిలగాడు. వాడు మోసం జేస్తడా?"

ఆమెకు ఆ సంగతి ఎలా తెలిసిందో అని చూస్తే, అక్క పక్కనే కూర్చుని ఉంది. ఇద్దరూ బస్సులో గద్వాల నుంచి ఒకే సీట్లో వచ్చారట. అతను కవరు ఇచ్చాడు. అక్క సంతకం పెట్టవలసిన చోటల్లా తన పేరు పూర్తిగా, అక్షరం తర్వాత అక్షరం, తొందర లేకుండా రాసింది. అప్పు పూర్తిగా తీరిందని బ్యాంకు ఇచ్చిన కాగితం చదివించుకుంది. "ఇగ పేపర్ల రాదు గదా సారూ?" అని మేనేజరునే అడిగింది. "రాదమ్మా, అంతా అయిపోయింది," అన్నాడాయన. ఆ మధ్యాహ్నమే గద్వాలలో రిజిస్ట్రేషన్ అయింది. తాళాలు ముసలమ్మ చేతిలో పెట్టాను. ఆమె వాటిని కోడలికి ఇచ్చింది.

ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఒక్క గదిలో ఉంటున్నాను. ఇంటాయన ముందు, ఒక్కడికి ఇవ్వనన్నాడు. పెళ్లెప్పుడు, ఊళ్లో ఎవరున్నారు, సొంతిల్లుందా అని అడిగాడు. మొదటి రెండింటికీ ఏదో చెప్పాను. మూడోదానికి లేదని చెప్పాను. మా సైటు కొల్లాపూర్ దారిలో ఒక చెరువు కట్ట. ఆదివారాలు తోటివాళ్లు పిల్లల్ని తీసుకుని సోమశిల వెళ్లి పడవెక్కుతారు, నన్నూ రమ్మంటారు. ఒకసారి వెళ్లాను. పడవలో ఇద్దరిద్దరు కూర్చునే బల్లలు. నా పక్కన ఎవరిదో సంచి పెట్టారు.

మొదట్లో గట్టు రైతు తరచుగా ఫోన్ చేసేవాడు. పై ట్యాంకుకు నీళ్లెక్కడం లేదు సారూ అనేవాడు. మెట్ల కింద రెండు వాల్వులుంటాయి, ఎడమది మూసి కుడిది తిప్పు అని చెప్పేవాణ్ణి. ఫ్యూజు ఎక్కడుంది, వాననీటి గొట్టం ఎటు పోతుంది, వంటింటి కిటికీ ఎందుకు పట్టేస్తోంది, అన్నీ అడిగేవాడు. ఆ ఇంట్లో ప్రతి గొట్టం గోడలో ఎక్కడ వంగుతుందో నాకు తెలుసు. కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. కాస్త వివరంగానే చెప్పేవాణ్ణి. ఈ మధ్య అతను చేయడం లేదు. అన్నీ తెలిసిపోయి ఉంటాయి.

మొన్న సాయంత్రం అక్క ఫోన్ చేసింది. గొంతులో ఉత్సాహం దాగలేదు.

"తమ్మీ, షావుకారు పెండ్లి చీర ఇచ్చిండు. ఇంత వెడల్పు జరీ అంచు. నా చేతికి ఇంత జరీ ఎన్నడియ్యలే."

"తూకమేసి ఇచ్చిండా?"

"ఏసిండు. ఏసి, సూసుకో అనలే. సంచిల పోసిచ్చిండు, అంతే. వదినకు గూడ కూలి పెంచమన్న, సరే అన్నడు. ఇగ రెండు నెల్లు తల గీక్కునే తీరిక లేదు మాకు."

"మోకాళ్లు ఎట్లున్నయి?"

"ఉన్నయి. నువ్వేం తిన్నవ్?"

"ఇంక వండాలె."

వెనక నుంచి వదిన గొంతు వినిపించింది. "ఇంజనీరుకు నా దండాలు జెప్పి ఫోన్ పెట్టు. పొద్దు గూకుతుంది, ఎలుగు పోతె జరీ పోగు కానరాదు!"

"పెడుతున్న తమ్మీ, మల్ల చేస్త," అని అక్క పెట్టేసింది.

ఈ ఆదివారం గద్వాల వస్తానని చెబుదామనుకున్నాను. ఫోన్ చేతిలో పట్టుకుని కాసేపు గడప మీదే కూర్చున్నాను. తిరిగి చేయలేదు. చేసినా ఎత్తదు. ఆమె రెండు చేతులూ మగ్గం మీద ఉంటాయి.